డబ్బా మూతలో గది

ట్రేస్క్‌నాస్‌లో పుదీనా స్నూస్, అంటే పై పెదవి కింద పెట్టుకునే పుదీనా వాసన పొగాకు పొట్లం, వాడే మగాడు ఒక్కడంటే ఒక్కడు లేడు. ఎవరిని అడిగినా తాతల నాటి నల్లటి ఘాటు స్నూస్ తప్ప ఇంకేదీ ముట్టనంటాడు, కావాలంటే పై పెదవి ఎత్తి చూపిస్తానంటాడు. కానీ ఊరికున్న ఒకే ఒక దుకాణంలో, కౌంటరు వెనకాల స్నూస్ ఫ్రిజ్‌కి ఐదు అరలుంటే నాలుగింటి నిండా పుదీనాయే. సోమవారం నింపినవి శుక్రవారం సాయంత్రానికి ఖాళీ.

ఆ దుకాణం గున్వోర్‌ది. యాభై రెండేళ్ళ మనిషి. ఆ డబ్బాలు ఎవరి చేతుల్లోకి పోతున్నాయో ఆమెకు తెలియకుండా ఎలా ఉంటుంది? ఒకడు మేనల్లుడి కోసమంటాడు. ఒకడు కోడలు తెమ్మందంటాడు. పడవలు బాగుచేసే బిర్గర్ మా అత్తగారికని అంటూనే ఉన్నాడు, ఆవిడ పోయి ఏడాది దాటినా. గున్వోర్ ముఖంలో ఏమీ కనపడనివ్వకుండా డబ్బాలు అందించేది. కౌంటరు మీద నుంచి పోయింది కౌంటరు దగ్గరే ఉండిపోవాలని ఆమె తండ్రి నేర్పాడు. ఆయన కూడా నలభై ఏళ్ళు అదే కౌంటరు వెనక నిలబడ్డాడు.

మరొకరైతే ఈ దొంగాటకి నవ్వుకునేవాళ్ళు. గున్వోర్‌కి ఒళ్ళు మండేది. పుదీనా పొట్లం పెదవి కింద పెట్టుకున్నందుకే కదా మూడేళ్ళ క్రితం ఊరి వేట జట్టు ఆమె పరువు తీసి బయటికి పంపింది.

ఆ రోజుల్లో వేట జట్టులో పుదీనా వాడేది నిజంగానే ఆమె ఒక్కతే అనుకునేవారు. తండ్రి పోయాక దుప్పి కోసం ఆయన కాపు కాసే ఏడో మాటు ఆమెకు వచ్చింది. ముప్పై ఏళ్ళు ఆయన కూర్చున్న పైన్ చెక్క బల్ల అక్కడే ఉంది, అంచు మీద ఆయన కత్తితో చెక్కిన గీతలు ఉన్నాయి, కొట్టిన దుప్పికి ఒకటి చొప్పున. ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఒక పెద్ద రాయి ఉంది. ఎనిమిదో మాటు జట్టు పెద్ద హిల్డింగ్‌ది. మిగతా మాటులు వాగుకి ఆవల, చాలా దూరం.

ఆ సెప్టెంబరు ఉదయం పొగమంచులో రెండుసార్లు తుపాకి పేలింది. మొదటిది గున్వోర్‌ది. దుప్పి పిల్లకి గురిపెట్టింది, తప్పిపోయింది, ఆ మాట దాచలేదు. రెండోదానికి తల్లి దుప్పి కూలింది. పిల్ల బతికుండగా తల్లిని కొట్టడం ఆ అడవుల్లో అన్నిటికంటే పెద్ద తలవంపు. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటే, మాటు వదిలి కదలడం. అలా కదిలినవాడు తోటి మనిషి తూటాకి ఎదురెళ్ళినట్టే. తల్లిని కొట్టినవాడు రాయి దగ్గర నిలబడి కొట్టాడు. కుక్కని వెంటబెట్టుకుని వచ్చిన ఎవెర్ట్ తాతకి ఆ రాయి పక్కన, నాచు మీద, వాడి పారేసిన రెండు తెల్ల పొట్లాలు దొరికాయి. వాసన చూస్తే పుదీనా.

ఆ సాయంత్రం వేట గుడిసెలో ఎవెర్ట్ అరచేయి చాచి అందరికీ చూపించాడు. ముందుగా నోరు విప్పింది హిల్డింగే.

"ఇంక అడగడానికేముంది? ఈ జట్టులో పళ్ళపేస్టు నోట్లో పెట్టుకునేది ఒక్కతే."

"నేను మాటు వదల్లేదు," అంది గున్వోర్. "వాడిన పొట్లం నేలమీద పారేయడం నాకు అలవాటు లేదు. మూతలో గది ఉంది కదా, అందులో పెడతాను. మా నాన్న చిన్నప్పటి నుంచీ అదే నేర్పాడు. కావాలంటే డబ్బా చూడండి."

ఆమె చాచిన డబ్బాని ఎవరూ అందుకోలేదు.

"పుదీనా పెట్టుకున్నంత మాత్రాన మాటు వదిలినట్టా?" అని అడిగింది.

"పొట్లమే సాక్ష్యం, అమ్మాయ్," అన్నాడు హిల్డింగ్. "పట్టీ విప్పి బల్ల మీద పెట్టి వెళ్ళు."

జట్టు గుర్తుగా టోపీకి కట్టుకున్న నారింజ పట్టీ విప్పి బల్ల మీద పెట్టింది. పదకొండు మంది చూస్తుండగా నడిచి బయటికి వచ్చేసింది. మరుసటి వారం ఏడో మాటులో, ఆమె తండ్రి బల్ల మీద, హిల్డింగ్ అల్లుడు కూర్చున్నాడు.

అప్పటి నుంచి మూడేళ్ళు. ఆ పదకొండు మందికీ ఆమె పిండీ, వెన్నా, కాఫీపొడీ అమ్ముతూనే ఉంది. జట్టు సమావేశానికి కాఫీ దుకాణం నుంచి వెళ్ళడం ఆనవాయితీ కనుక, ఏటా వేటకి ముందు శనివారం కాఫీ పాత్రా, అందులో వేసుకునే జున్ను ముక్కలూ గుడిసె గడప దగ్గర పెట్టి తిరిగి వచ్చేది. లోపలికి రమ్మన్నవాడు లేడు. హిల్డింగ్ కాఫీపొడిలో ఉప్పు కలపాలని ఒక రోజూ, బండి టైర్లలో గాలి తీసేయాలని మరో రోజూ అనుకునేది. ఏదీ చేయలేదు. అవన్నీ చిల్లర పగలు, ఆమెకు కావలసింది ఏడో మాటు. ఆగస్టులో పులియబెట్టిన చేపల డబ్బా ఉబ్బినట్టు లోపల పగ ఉబ్బుతూనే ఉంది.

ఈ ఏడాది ఆగస్టు మూడో వారంలో హిల్డింగ్ భార్య మైలిస్‌కి తుంటి ఆపరేషన్ అయింది. సముద్రపు ఒడ్డు పట్నంలో, పెద్దాసుపత్రిలో ఉంచారు. మైలిస్ ప్రతి శుక్రవారం దుకాణానికి వచ్చి పుదీనా డబ్బాల కట్ట ఒకటి తీసుకెళ్ళేది. కట్టకి పది డబ్బాలు. ఆ పట్నంలోనే ఉండే చెల్లెలు రూత్‌కి పంపాలని చెప్పేది. ఐదేళ్ళుగా అదే మాట. రూత్ అనే చెల్లెలు నిజంగానే ఉంది కనుక గున్వోర్ ఎన్నడూ రెండోసారి ఆలోచించలేదు.

మైలిస్ లేని మొదటి శుక్రవారం హిల్డింగ్ స్వయంగా వచ్చాడు. అరవై ఎనిమిదేళ్ళ వాడు, భుజాలు ఇంకా తలుపంత ఉంటాయి. ఫ్రిజ్ ముందు నిలబడ్డాడు. అతని చూపు పుదీనా అరల మీద కాస్త ఎక్కువసేపే ఆగింది. చివరికి నల్ల స్నూస్ ఒక డబ్బా తీసుకున్నాడు, దానితోపాటు ఎర్రా తెల్లా చారల పిప్పరమెంటు కడ్డీలు నాలుగు.

"తీపి తింటున్నావా ఈమధ్య?" అంది గున్వోర్.

"మైలిస్ లేదు కదా. ఇంట్లో ఏమీ తోచదు."

సోమవారం మళ్ళీ వచ్చాడు. నల్ల డబ్బా, ఆరు కడ్డీలు. బుధవారం ఇంకో ఆరు. గురువారం నాడు అతను కౌంటరు దగ్గర నిలబడి ఉండగా గున్వోర్ స్పష్టంగా చూసింది. పై పెదవి కింద నల్ల స్నూస్ ఉంది, బుగ్గన పిప్పరమెంటు ఉంది, రెండిటి రసాన్నీ కలిపి మింగుతున్నాడు, ముఖంలో మాత్రం ఏడుపే ఉంది. వేళ్ళు కౌంటరు మీద వాయించుకుంటూనే ఉన్నాయి.

గున్వోర్‌కి మైలిస్ తీసుకెళ్ళే కట్టలు గుర్తొచ్చాయి. అనుమానం రావడం ఒకటి, దాన్ని పట్టుకోవడం ఇంకొకటి. మామూలు గొంతుతో అడిగింది.

"మైలిస్ కొనే పుదీనా ఇక్కడ మిగిలిపోతోంది. రేపు ఆసుపత్రికి వెళ్తావుగా, రూత్‌కి ఒక కట్ట తీసుకెళ్ళకూడదూ?"

"రూత్‌కెందుకు? అది పొగాకు మానేసి ఇరవై ఏళ్ళయింది," అన్నాడు హిల్డింగ్.

అన్నాక తెలిసింది ఏమన్నాడో. మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవుల దాకా పాకింది. చిల్లర తీసుకోకుండానే వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం గున్వోర్ దుకాణం తలుపుకి గడియ పెట్టి, వెనక గదిలో పెట్టెల మీద కూర్చుంది. ఏడుపు రాలేదు. ఐదేళ్ళు. అంటే ఆ దుప్పి కూలిన రోజున, ఎవెర్ట్ అరచేతిలో ఆ రెండు పొట్లాలు చూసిన క్షణాన, అవి ఎవరివో హిల్డింగ్‌కి తెలుసు. తన నోట్లోవే. తెలిసే పళ్ళపేస్టన్నాడు, తెలిసే అమ్మాయ్ అన్నాడు, తెలిసే పట్టీ విప్పించాడు. అతన్ని ఊరందరి ముందూ నిలబెట్టి కడిగేయాలనిపించింది.

కానీ కౌంటరు గుట్టు తాను విప్పకూడదు. తండ్రి మాట దాటి తండ్రి మాటుని తెచ్చుకోవడం ఆమెకు ఇష్టం లేదు. వాళ్ళంతట వాళ్ళే విప్పుకోవాలి. చాలాసేపు కూర్చుని, లేచి, ఫోన్ తీసి, వచ్చే వారం సరుకులో పుదీనా వద్దని చెప్పింది.

వేటకి పది రోజుల ముందు నాలుగు అరలూ ఖాళీ అయ్యాయి. తొంభై కిలోమీటర్ల లోపల ఇంకో దుకాణం లేదు. అంత దూరం పోయి పట్నం పెట్రోలు బంకులో కొందామంటే, అక్కడ కౌంటరు దగ్గర కూర్చునేది హిల్డింగ్ అల్లుడే. ఫోన్‌లో తెప్పించుకుందామంటే ఊరి తపాలా పార్సిళ్ళు వచ్చేది గున్వోర్ దుకాణానికే.

"పుదీనా ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు పడవల బిర్గర్ రెండో రోజు. "మా అత్తగారు..."

"శనివారం మధ్యాహ్నం."

"అంతవరకూ ఎలా?"

"ఆవిడ ఓపిక పడుతుందిలే," అంది గున్వోర్.

ఆ వారం ఊరు ఊరంతా ఒకరినొకరు కరవడానికి సిద్ధంగా తిరిగింది. మాటుల దగ్గర నిచ్చెనలు బాగుచేయడానికి వెళ్ళినవాళ్ళు ఒక మేకు గురించి పోట్లాడుకుని తిరిగొచ్చారు. హిల్డింగ్ రోజుకోసారి దుకాణానికి వచ్చి, ఖాళీ అరలు చూసి, అగ్గిపెట్టె లాంటిదేదో కొనుక్కుని పోయేవాడు. గురువారం మైలిస్‌ని ఇంటికి పంపారు. ఆ సాయంత్రం ఆమె చంక కర్రల మీద దుకాణం మెట్లెక్కి వచ్చింది, ముఖం వాడిపోయి ఉంది.

"వచ్చిందా?"

"శనివారం, మైలిస్."

మైలిస్ ఖాళీ అరల వైపు చూసింది, తర్వాత గున్వోర్ వైపు చూసింది. ఏదో అనబోయి, కర్రలు సర్దుకుని వెనుదిరిగింది.

శనివారం మధ్యాహ్నం వేట గుడిసెలో పొడుగాటి బల్ల చుట్టూ జట్టంతా కూర్చుంది. గోడ మీద పటంలో మాటుల అంకెలు ఎర్ర సిరాతో ఉన్నాయి. ఆడవాళ్ళు కిటికీ పక్క బల్ల మీద ఉన్నారు, మైలిస్ కర్రలు ఒళ్ళో పెట్టుకుని. గున్వోర్ ఒక చేత్తో కాఫీ పాత్ర, చంకలో ఒక అట్టపెట్టె పట్టుకుని గడప దాటింది.

"అక్కడే పెట్టి వెళ్ళు, గున్వోర్. మేం పోసుకుంటాం," అన్నాడు హిల్డింగ్.

"ఇవాళ బరువుంది."

పెట్టెని బల్ల నడుమ పెట్టి కత్తితో టేపు కోసింది. లేతాకుపచ్చ డబ్బాలు వరసలుగా ఉన్నాయి. చల్లటి పుదీనా వాసన కాఫీ వాసనని మింగేసింది.

"సరుకు వచ్చింది. ఆలస్యం చేసినందుకు తలా ఒకటి నా తరఫున. కావలసినవాళ్ళు తీసుకోండి."

ఎవరూ కదల్లేదు. పన్నెండు మంది మగాళ్ళు పన్నెండు వైపులా చూస్తున్నారు. బిర్గర్ చేయి ముందుకొచ్చింది.

"మా అత్తగారికి ఒకటి..."

"ఆవిడ్ని పాతిపెట్టినప్పుడు నేను కూడా ఉన్నాగా," అన్నాడు ఎవెర్ట్ తాత.

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. బిర్గర్ మూత తిప్పి, ఒక పొట్లం తీసి పెదవి కింద పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు.

"సరే. నాకే. ఏం చేస్తారో చేయండి."

ఇంక కట్ట తెగిపోయింది. మేనల్లుళ్ళూ కోడళ్ళూ అందరూ మాయమైపోయారు, చేతులే మిగిలాయి. ఎవెర్ట్ కూడా చేయి చాచాడు.

"నాకూ ఒకటి ఇటు తొయ్యండి. ఎనభై ఏళ్ళొచ్చాయి, ఆ నల్లదాని ఘాటు చిగుళ్ళు మోయలేకపోతున్నాయి."

హిల్డింగ్ ఒక్కడే చేతులు బల్ల కింద పెట్టుకుని కూర్చున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. కళ్ళు మాత్రం పెట్టెని వదలడం లేదు.

"సిగ్గుండాలి," అన్నాడు. "వేటగాళ్ళు పళ్ళపేస్టు నాకడమా? ఈ జబ్బు జట్టుకి అంటించింది ఈ మనిషే. అందుకే ఆనాడు..."

"తీసుకో, హిల్డింగ్," అంది మైలిస్.

అందరూ కిటికీ వైపు తిరిగారు.

"తీసుకో. ఇంటికొచ్చి రెండ్రోజులైంది, ఈ రెండ్రోజులూ నా ప్రాణం తోడేశావు. పళ్ళపేస్టంటావు, ఇంట్లో ట్యూబు పిండి పిండి నల్ల స్నూస్‌కి రాసుకుంటున్నావు. నిన్న పొద్దున నేను పళ్ళు తోముకోవడానికి కూడా మిగల్చలేదు."

నవ్వు మొదలైంది, కానీ మైలిస్ ముఖం చూసి ఆగిపోయింది.

"నా తుంటి కోసిన నాలుగో రోజున ఆసుపత్రికి వచ్చాడు," అంది. "ఎలా ఉన్నావని అడుగుతాడనుకున్నాను. ఎదుటి కొట్టుకి వెళ్ళి ఒక కట్ట తెమ్మన్నాడు. తను వెళ్తే మనూరివాళ్ళెవరైనా చూస్తారట. చంక కర్రల మీద రోడ్డు దాటాను నేను. తీరా చూస్తే అక్కడ పుదీనా లేదు."

ఎవెర్ట్ డబ్బా కింద పెట్టాడు. "ఎన్నాళ్ళ నుంచి వాడుతున్నాడు, మైలిస్?"

"ఐదేళ్ళు. ప్రతి శుక్రవారం రూత్ పేరు చెప్పి నేనే తెచ్చాను." ఆమె గున్వోర్ వైపు చూడలేకపోయింది. "మూడేళ్ళ క్రితం కూడా నేనే తెచ్చాను. తెలిసీ నోరు మూసుకున్నాను."

హిల్డింగ్ తేలు కుట్టిన దొంగలా తల దించుకున్నాడు. ఎవెర్ట్ తన అరచేయి తెరిచి, మూడేళ్ళ నాటి పొట్లాలు ఇంకా అక్కడే ఉన్నట్టు దాన్నే చూసుకున్నాడు.

"ఏరింది నేను," అన్నాడు. "ఈ చేత్తోనే. నువ్వు నా చేతిలోకి చూసి, ఈ పిల్ల పేరు చెప్పావు."

"పుదీనా పెట్టుకున్నంత మాత్రాన మాటు వదిలినట్టా?" అన్నాడు హిల్డింగ్.

గున్వోర్ ఆ మాట కోసమే మూడేళ్ళు ఎదురుచూసినట్టు అతని ముందుకి వచ్చి నిలబడింది.

"ఈ మాట ఈ గదిలోనే నేనన్నాను. నువ్వేమన్నావు?"

అతను పెట్టె వైపు చూశాడు.

"పొట్లమే సాక్ష్యం అన్నావు. పొట్లమే సాక్ష్యం, హిల్డింగ్."

అతను ఒక్కొక్క ముఖమూ చూశాడు. ఎవరి పెదవి కింద చూసినా పుదీనాయే, కానీ ఒక్కరూ అతని వైపు మాట్లాడలేదు. అల్లుడు కూడా పటం వైపు తిరిగి కూర్చున్నాడు. చివరికి హిల్డింగ్ ఒప్పుకున్నాడు.

"పొగమంచు. ఏమీ కనపడలేదు. రాయి ఎక్కితే తెలుస్తుందనుకున్నాను. కొమ్ములున్నాయనుకున్నాను, మగదనుకున్నాను."

"దుప్పి పిల్ల రెండ్రోజులు అరిచింది," అంది గున్వోర్. "నా దుకాణం దాకా వినపడింది. ఆ అరుపు నా నెత్తిన రుద్ది, నువ్వు నా కాఫీ తాగావు. పట్టీ విప్పి బల్ల మీద పెట్టి వెళ్ళు."

హిల్డింగ్ ఎవెర్ట్ వైపు చూశాడు. ఎవెర్ట్ తల ఊపాడు. నారింజ పట్టీ ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. పట్టీ బల్ల మీద పెట్టి లేస్తూ, ఆ చేత్తోనే పెట్టెలో మిగిలిన ఆఖరి డబ్బా అందుకోబోయాడు. గున్వోర్ పెట్టెని వెనక్కి లాగింది.

"ఇది జట్టుది. నీకు కావాలంటే దుకాణానికి రా. మైలిస్‌ని పంపితే ఇవ్వను."

అతను తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు. ఎవెర్ట్ ఎర్ర సిరా పెన్నుతో పటం దగ్గరికి నడిచి, ఏడో అంకె పక్కన గున్వోర్ పేరు రాశాడు. రాస్తున్నంతసేపూ ఆయన భుజాలు వంగి ఉన్నాయి. తర్వాత ఆమెకు కాఫీ పోసి ఇచ్చి, జున్ను ముక్కలు వేసుకోమన్నాడు. ఆమె క్షమించానని అనలేదు, ఆయనా అడగలేదు. కాఫీ తాగింది.

సోమవారం ఉదయం తండ్రి బల్ల మీద కూర్చుంది. దుప్పి రాలేదు, అయినా మధ్యాహ్నం దాకా కదల్లేదు. చెక్క అంచు మీద గీతలు వేలితో తడుముతూ, ఇంత హాయిగా ఎప్పుడూ లేనని అనుకుంది. హిల్డింగ్ మీద జాలి కలుగుతుందేమోనని వెతుక్కుంది, కలగలేదు.

శుక్రవారం వచ్చింది. దుకాణం నిండా జనం, అరల నిండా పుదీనా. వేటకి వెళ్ళొచ్చినవాళ్ళు ఇప్పుడు అత్తగారి పేరు చెప్పడం మానేశారు, కట్టలు కట్టలు అడిగి తీసుకుంటున్నారు. వరసలో ఏడో మనిషిగా హిల్డింగ్ నిలబడ్డాడు, టోపీకి పట్టీ లేకుండా. అతని వెనక ఇంకో ఐదుగురు ఉన్నారు. అతని వంతు వచ్చేసరికి దుకాణంలో మాటలు తగ్గిపోయాయి.

"ఏం కావాలి?"

"ఒక డబ్బా."

"ఏది?"

"తెలుసుగా. అదే."

"అదే అనే పేరుతో సరుకు రాదు ఇక్కడ."

అతను కౌంటరు అంచు పట్టుకున్నాడు. "పుదీనా."

"వినపడలేదు."

"పుదీనా," అన్నాడు హిల్డింగ్, చివరి అర దగ్గర నిలబడ్డ వాళ్ళకి కూడా వినపడేలా.

"ఎవరికి?"

"నాకే."

గున్వోర్ ఫ్రిజ్ తెరిచి చల్లటి డబ్బా తీసి అతని ముందు పెట్టింది. అతను అక్కడికక్కడే తెరవబోయాడు, ఆగలేక. ఆమె తన వేలు ఆ మూత మీద ఆనించింది, అతను తలెత్తి చూసేదాకా తీయలేదు.

"వాడినవి నేలమీద పారేయకు, హిల్డింగ్," అంది. "మూతలో గది ఉంది."